రెండేళ్ల రెండు నెలలు: లెక్కల మాస్టారు సంజీవయ్య

వేంపల్లెలో ఎవరినైనా ఆపి ముఖ్యమంత్రి సమాధి ఎక్కడుందని అడగండి, ఇడుపులపాయ దారి చూపిస్తారు. అందులో వింతేం లేదు, పక్క ఊరే కదా. కానీ దేశంలోనే మొట్టమొదటి దళిత ముఖ్యమంత్రి కూడా ఈ రాయలసీమ మనిషేనన్న సంగతి మా వాడలో కొందరు పెద్దలకు తప్ప పిల్లలకు తెలియదు. మేం చదువుకున్న బడిలో ఆ పేరు ఎత్తినవాళ్లు లేరు. పరిశోధన మొదలుపెట్టాకే దామోదరం సంజీవయ్య గురించి వరసగా చదివాం. చదివేకొద్దీ ఒక సంగతి అర్థమైంది. ఆయన్ని తలుచుకునే కొద్దిమంది కూడా ఆయన పేదరికాన్నే తలుచుకుంటారు. చేసిన పనిని వదిలేస్తారు.

కర్నూలుకు దగ్గర్లోని పెద్దపాడులో 1921 ఫిబ్రవరి 14న ఒక మాల కుటుంబంలో ఆయన పుట్టారు. తండ్రి మునయ్య, తల్లి సుంకులమ్మ. సెంటు భూమి లేదు. మగ్గం మీద నేసుకుని, కూలికి పోయి బతికే ఇల్లు. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే తండ్రి చనిపోతే తల్లి పిల్లల్ని తీసుకుని మేనమామ ఊరు పాలకుర్తి చేరింది. అక్కడ కొన్నాళ్లుండి మళ్లీ పెద్దపాడు వచ్చారు. ఊళ్లో నాలుగో తరగతి దాకా చదివి, తర్వాత కర్నూలులో మిషన్ బడి, మునిసిపల్ హైస్కూలు. 1938లో ఎస్.ఎస్.ఎల్.సి. జిల్లాలోనే మొదటివాడిగా పాసయ్యారు. అనంతపురం దత్తమండల కళాశాలలో గణితం తీసుకుని 1942కి బి.ఏ. పూర్తి చేశారు.

ఊరి బావిలో చేద వేయనివ్వని కాలంలో, వెలివాడ నుంచి వచ్చిన కుర్రవాడు జిల్లాకు మొదటివాడు కావడం అంటే ఏమిటో మన పాఠకులకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ మార్కులు చూసి ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వలేదు. చిన్నాచితకా కొలువులు చేశారు. యుద్ధకాలంలో బళ్ళారిలో కేంద్ర ప్రజాపనుల శాఖలో పనిచేశారు. ఆ తర్వాత మద్రాసు లా కాలేజీలో చేరారు. చేతిలో డబ్బు లేదు. అందుకని మద్రాసులోనే ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారుగా కుదిరి, ఆ జీతంతో హాస్టలు ఖర్చులు పెట్టుకుంటూ 1948లో న్యాయశాస్త్రం పూర్తి చేశారు.

మన వాడల్లో మొదటి తరం చదువుకున్నవాళ్లకు పంతులు ఉద్యోగమే గమ్యం. దాన్ని తక్కువ చేయడం లేదు, మా ఇళ్లల్లో చదువు అనేది మిగిలిందంటే అలాంటి పంతుళ్ల వల్లే. సంజీవయ్య మాత్రం దాన్ని దారిఖర్చుగా వాడుకున్నారు.

ఆ తర్వాత అంతా వేగంగా జరిగింది. 1950లో వకీలుగా నమోదయ్యారు, అదే ఏడాది తాత్కాలిక పార్లమెంటులో సభ్యుడయ్యారు. 1952లో మద్రాసు శాసనసభకు గెలిచి రాజాజీ మంత్రివర్గంలో చేరారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. గుడారాల్లో సర్కారు ఆఫీసులు నడిచిన ఆ పట్నానికి కాస్త దూరంలోనే పెద్దపాడు. ప్రకాశం, బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, ముగ్గురి మంత్రివర్గాల్లోనూ సంజీవయ్య ఉన్నారు.

1960లో సంజీవరెడ్డి కాంగ్రెస్ అధ్యక్షుడై ఢిల్లీకి కదిలారు. ఖాళీ అయిన కుర్చీ కోసం రెడ్డి వర్గాలు కొట్టుకుంటున్నాయి. ఎవరికిచ్చినా రెండోవాళ్లు ఊరుకోరు. అలా ఒక రాజీ మార్గంగా జనవరి 11న సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి ఆయనకు 38 ఏళ్లు. దీన్ని దళితులకు కాంగ్రెస్ చేసిన కానుకగా చెప్పేవాళ్లున్నారు. మేం అలా చూడం. పెద్దకులాల తగువు తీరేదాకా కుర్చీ చూసుకోమని అప్పజెప్పారు. అయితే ఆయన ఆ కుర్చీని కాపలా కాస్తూ కూర్చోలేదు.

దాదాపు ఆరు లక్షల ఎకరాల బంజరు భూమిని భూమిలేని పేదలకు పంచారు. సీమలో ఆ భూములు ఎలాంటివో మాకు తెలుసు. రాళ్లదిన్నెలు, గుట్టల వాలు, వానొస్తే చేను, లేకుంటే బీడు. అయినా పట్టా చేతికొచ్చిన మనిషి మరుసటి రోజు కూలికి పిలిచే ఆసామి ముందు నిలబడే తీరు మారుతుంది. ఆ మార్పును సహించలేకే తర్వాతి ఏళ్లలో అప్పులకనీ, పెళ్లి ఖర్చులకనీ చాలా పట్టా భూములు చేతులు మారేలా చేశారు. అది ఎంతగా జరిగిందంటే, 1977లో అసైన్డ్ భూముల బదిలీని నిషేధిస్తూ ప్రత్యేకంగా చట్టం తేవాల్సి వచ్చింది.

1961 జనవరిలో అవినీతి నిరోధక శాఖను వేరే శాఖగా నిలబెట్టారు. వృద్ధాప్య పింఛన్లు మొదలుపెట్టారు. వెనుకబడిన కులాల రిజర్వేషన్లను ముందుకు తీసుకెళ్లారు. కాపు, తెలగ, బలిజ కులాలను ఆ జాబితాలో చేర్చింది ఆయన ప్రభుత్వమే, తర్వాత వచ్చినవాళ్లు దాన్ని తీసేశారు. ఇప్పటికీ ఎన్నికలొచ్చిన ప్రతిసారీ లేచే ఆ చర్చలో సంజీవయ్య పేరు వినపడేది తక్కువ.

వినపడే కథ వేరే ఒకటుంది. ముఖ్యమంత్రి బాగా సంపాదించాడని ఎవరో ఢిల్లీకి ఫిర్యాదు చేస్తే, విచారించడానికి వచ్చిన పెద్దమనిషి పెద్దపాడు వెళ్లాడట. అక్కడ కొట్టం ముందు మట్టికుండలో సంగటి వండుకుంటున్న ముసలమ్మే ముఖ్యమంత్రి తల్లి అని తెలిసి సిగ్గుపడి వెనక్కి పోయాడట. రకరకాలుగా చెప్తారు ఈ కథని. సుంకులమ్మ నిరాడంబరంగా బతికిన మాట నిజం, కొడుకు ఆస్తులు కూడబెట్టుకోని మాటా నిజం. కానీ కథ ఎక్కడ మొదలవుతుందో చూడండి. ఫిర్యాదుతో. కుర్చీలో దళితుడు కూర్చోగానే తనిఖీకి మనిషి వచ్చాడన్నమాట! ఆయన కంటే ముందున్నవాళ్ల, తర్వాత వచ్చినవాళ్ల మిద్దెలు లెక్కపెట్టడానికి ఎవరైనా వెళ్లినట్టు ఇలాంటి కథలు ఎందుకు లేవు? దళిత నాయకుడు మంచివాడని ఒప్పుకోవాలంటే ఆయన తల్లి కొట్టంలోనే ఉండిపోవాలి కాబోలు.

1962 ఎన్నికల్లో ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే కాంగ్రెస్ గెలిచింది. గెలిచాక మార్చి 12న సంజీవరెడ్డి తిరిగొచ్చి ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన ఖాళీ చేసిన కాంగ్రెస్ అధ్యక్ష పదవిలో అదే ఏడాది సంజీవయ్యను కూర్చోబెట్టారు. ఇద్దరూ కుర్చీలు మార్చుకున్నారు, అంతే. ఆ పార్టీకి మొదటి దళిత అధ్యక్షుడన్న గౌరవం చిన్నది కాదు. కానీ భూమి పట్టా మీద సంతకం పెట్టగల అధికారం పోయి, సభలకు అధ్యక్షత వహించే హోదా మిగిలింది.

దక్కిన చోట మళ్లీ పనే చేశారు. 1964 జూన్‌లో లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. 1965 నాటి బోనస్ చెల్లింపు చట్టం ఆయన హయాంలోదే. అప్పటిదాకా బోనస్ అంటే యజమాని దయ, లేదంటే సమ్మె చేసి గుంజుకోవాలి. లాభమొచ్చినా నష్టమొచ్చినా కనీసం నాలుగు శాతం ఇచ్చి తీరాలని ఈ చట్టం కట్టడి చేసింది. ఈ రోజు పండగ ముందు బోనస్ అందుకునే కార్మికుల్లో ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

1971లో మళ్లీ కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. ఆ పదవిలో ఉండగానే 1972 మే 7న ఢిల్లీలో కన్నుమూశారు. 51 ఏళ్లే. ఆ పార్టీకి మరో దళిత అధ్యక్షుడు రావడానికి యాభై ఏళ్లు పట్టింది, 2022లో మల్లికార్జున ఖర్గే వచ్చారు. తెలుగు రాష్ట్రాలు రెండయ్యాయి, ముఖ్యమంత్రులు ఎందరో మారారు. 1962 మార్చి తర్వాత ఆ కుర్చీలో ఒక్క దళితుడూ కూర్చోలేదు.

హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఒక పార్కుకు, విశాఖలో న్యాయ విశ్వవిద్యాలయానికి, నెల్లూరు జిల్లాలో విద్యుత్ కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. కర్నూలు జిల్లాలో హంద్రీ మీద కట్టిన గాజులదిన్నె ప్రాజెక్టుకు కూడా సంజీవయ్య సాగర్ అని పేరుంది. చుట్టుపక్కల జనం మాత్రం ఇంకా గాజులదిన్నె డ్యామనే అంటారు.