చేతిలోని మాట

హెలెన్ కెల్లర్ పేరు వినని విద్యార్థి మనలో అరుదు. ఆమె చేతిని దాదాపు 50 సంవత్సరములు విడువక పట్టుకొన్న ఆనీ సలివన్‌ను మాత్రము నీటిపంపు కథలో ఒక్కమారు తలచి, ఆ పుటతోడనే మఱచిపోవుచున్నాము.

ఆనీ 1866లో అమెరికాలోని మాసచుసెట్స్ రాష్ట్రమున, ఐర్లండునుండి వలసవచ్చిన నిరుపేద దంపతులకు జన్మించినది. ఐదేండ్ల ప్రాయమున ట్రకోమా సోకి చూపు మందగించెను. తల్లి మరణించెను, తండ్రి బిడ్డలను విడిచిపోయెను. 1876లో ఆమెను, తమ్ముడు జిమ్మీని ట్యూక్స్‌బరీలోని బీదల శరణాలయమున చేర్చిరి. కొద్ది నెలలకే ఆ పసివాడు అచ్చటనే కన్నుమూసెను. 1880లో, తనిఖీకి వచ్చిన పెద్దల యెదుట నిలిచి చదువుకు పంపుడని వేడుకొని, బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధపాఠశాలలో చేరినది. అప్పటికి ఆమెకు 14 ఏండ్లు, అక్షరము రాదు. శస్త్రచికిత్సల వలన కొంత చూపు వచ్చెను. ఆరేండ్లలో తరగతికి ప్రథమురాలైనది. చూపును వినికిడియు లేని లారా బ్రిడ్జ్‌మన్ ఆ పాఠశాలయందే నివసించుచుండెను. ఒక్కొక్క అక్షరమును ఒక్కొక్క వ్రేళ్ళ భంగిమగా ఎదుటివారి అరచేతిలో తెలుపు పద్ధతిని ఆనీ అక్కడ నేర్చినది.

1887 మార్చి 3న అలబామాలోని టస్కంబియాకు చేరునప్పటికి ఆమెకు ఇంకను 21 ఏండ్లు నిండలేదు. హెలెన్‌కు ఏడవయేడు. 19 నెలల వయస్సున జబ్బుచేసి కన్నులు, చెవులు పోయిన ఆ బాలిక అందరి పళ్ళెములలోను చేయిపెట్టి తినును. అడ్డగించినవారిని గిల్లును, కొట్టును. జాలిపడి ఇంటివారు ఊరకుండిరి. ఆనీ ఊరకుండలేదు. పిల్లను తోటలోని చిన్న యింటికి తీసికొనిపోయి, ఇద్దరే ఉండి, చెంచా పట్టుట మొదలుకొని నేర్పినది. ఏప్రిల్ 5న పంపునీరు ఒక చేతిలో పడుచుండగా రెండవ చేతిలో తెలిపిన అక్షరములు ఆ నీటి పేరని బాలిక గ్రహించెను.

లోకము మెచ్చినది ఆ దినమును. నేను ఎక్కువగా మెచ్చునది తరువాతి వారమును. హెలెన్ బంధువులలో 15 నెలల శిశువుండెను. ఆ బిడ్డకు మాటలు రావు. కాని చెప్పినది తెలియును. దానిని గమనించి ఆనీ వేళపట్టిక ప్రకారము పాఠములు చెప్పుట మానినది. తల్లి పసిబిడ్డతో పలుకునట్లు, అర్థమైనను కాకున్నను, నిండు వాక్యములను నాడెల్ల ఆ అరచేతిలో పలికినది. పొలమే తరగతిగది. పగులుచున్న గ్రుడ్డును చేతికిచ్చి, కోడిపిల్ల ముక్కుతో పెంకును పొడుచుట తెలియనిచ్చినది. బోధనశాస్త్రము చదివిన మనమెందరము ఇట్లు వేళపట్టికను ప్రక్కకు నెట్టగలము?

1900 నుండి 1904 వరకు రాడ్‌క్లిఫ్ కళాశాలలో ప్రతి ఉపన్యాసమును ఆ చేతిలోనికి చేర్చినది. బ్రెయిలీలో లేని గ్రంథములను తన బలహీననేత్రములతో చదివి వినిపించినది, అనగా తాకించినది. పట్టము హెలెన్‌కే వచ్చెను. 1905లో జాన్ మేసీని వివాహమాడెను. ఆ సంసారము దశాబ్దమైనను నిలువలేదు. 1931లో టెంపుల్ విశ్వవిద్యాలయము గౌరవపట్టమీయగా తొలుత నిరాకరించి, మరుసటియేడు స్వీకరించెను.

తుదకు ఆమె చూపు దాదాపు పూర్తిగా పోయెను. 1936 అక్టోబరు 20న మరణించినది. 1955లో హెలెన్ భారతదేశమునకు వచ్చినపుడు ఆ అరచేతిలో మనవారి మాటలు పలికినది, 1914లో వారి యింట సహాయకురాలుగా చేరిన పాలీ థామ్సన్.