కీ. శే. విష్ణు దిగంబర పలుస్కరుగారు

రాజకీయాభిప్రాయము గాయకుని గాత్రమును, శ్రోతల చెవిని గూడ మార్చగలదని చూపిన మహనీయులలో విష్ణు దిగంబర పలుస్కరుగారు ముఖ్యులు. వీరు 1872 సం. ఆగస్టు 18వ తేదీని మహారాష్ట్రమందలి కురుందవాడలో బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. తండ్రిగారు హరికీర్తనకారులు. బాల్యమున టపాకాయ ప్రేలి కన్నులు దెబ్బతినుటచే చదువు సాగలేదు. అంతట మిరజి సంస్థానమున బాలకృష్ణబువా ఇచల్‌కరంజీకరుగారియొద్ద గ్వాలియరు సంప్రదాయగానము నభ్యసించిరి. ఆ సంప్రదాయము హద్దూఖాను, హస్సూఖాను అను మహమ్మదీయ ఉస్తాదులవలన వర్ధిల్లినదని పాఠకులు మనమున నుంచుకొందురు గాక. ముందు దానితో పని గలదు.

ఆ దినములలో గాయకుడనగా సంస్థానాధీశుని కొలువువాడే. ఒక యుత్సవమునకు తమ్ము పిలిచి గురువుగారిని పిలువకపోవుట సహింపక వీరు 1896లో మిరజి విడిచిరని చెప్పుదురు. పిదప 1901 మే 5వ తేదీని లాహోరులో గాంధర్వ మహావిద్యాలయమును స్థాపించిరి. ఒక రాజుగారి దయపై గాక ప్రజల చందాలపైనను, టిక్కెట్టు కచ్చేరీలపైనను అది నడచినది. పోషకులగు మన సంఘీయులు గమనింపదగిన విషయమిది.

సంగీతము గృహస్థుల బిడ్డలు నేర్వదగిన విద్య కావలెనని వీరి పట్టుదల. అందుకై శృంగారపు చీజులలోని మాటలను మార్చిరి; తులసీదాసు, సూరదాసు, మీరాబాయి భజనలకు కచ్చేరీలో పెద్దపీట వేసిరి. జాతీయోద్యమపు నీతిదృష్టియే వీరి యభిరుచికి కొలబద్ద యయ్యెను. దీనివలన సంగీతము సామాన్యుల యిండ్లకు చేరిన మాట నిజము. కాని ఠుమ్రీని పెంచి పోషించిన గాయనీమణులకు ఆ క్రొత్త వేదికపై చోటు తగ్గినదనుటయు నంతే నిజము. ఆ నష్టమును స్వల్పముగా నెంచరాదు.

కాంగ్రెసు మహాసభలలో వందేమాతరమును కాఫీరాగమున పాడుట వీరికి వ్రతమువంటిది. 1923 డిసెంబరులో మన కాకినాడలో జరిగిన మహాసభకు మౌలానా మహమ్మదాలీగారు అధ్యక్షులు. గీతము ఆరంభింపగా, సంగీతము తమ మతమునకు సమ్మతము గాదని అధ్యక్షులు ఆక్షేపించిరి. అది జాతీయవేదికయే గాని మసీదు గాదని బదులు చెప్పి, పలుస్కరుగారు గీతమును ముగించియే దిగిరి. విచిత్రమేమన, మహమ్మదీయ ఉస్తాదుల బాణీయే ఆ కంఠమున పలుకుచుండెను! వీరి ధైర్యము మెచ్చదగినదే. అయినను ఆ గీతమును వినలేకపోయినవారి నెల్లర మూఢులనుట పాడిగాదు. తరువాతి చరణములందు దేశమాతను దుర్గగా స్తుతించుట పెక్కుమంది మహమ్మదీయులకు బాధాకరమయ్యెను. తుదకు 1937లో కాంగ్రెసు కార్యవర్గము మొదటి రెండు చరణములనే పాడవలెనని నిర్ణయించినది.

మహాత్ముని సబర్మతీ ఆశ్రమమునకు వీరు తమ శిష్యులగు నారాయణ మోరేశ్వర ఖరేగారిని పంపిరి. ఆశ్రమప్రార్థనలను తీర్చినది ఆయనయే. 1930లో దండియాత్రయందు భజనలు పాడుచు నడచినవారిలో ఆయన యొకరు. ఆ దండు పాడిన రామధున్ వరుస పలుస్కరుగారిదే యని ప్రతీతి.

బొంబాయిలో వీరు కట్టించిన విద్యాలయభవనము అప్పులపాలై పోయెను. పిమ్మట నాసికలో రామనామమునే ఆశ్రయించి గడపిరి. 1931 ఆగస్టు 21వ తేదీని మిరజిలోనే పరమపదించిరి. అప్పటికి కుమారుడు దత్తాత్రేయునకు పదేండ్లు. తండ్రిగారి శిష్యులే ఆ బాలునకు విద్య గఱపిరి.