మచ్చపడని రక్షకుడు - గయెతానో షిరేయా

ఫుట్‌బాల్ క్రీడలో కీర్తి అందరికీ సమానంగా దక్కదు. గోలు చేసినవాని పేరు తెల్లవారేసరికి ఊరూవాడా మారుమ్రోగుతుంది. గోలు పడకుండా కాచినవాని పేరు ఆట ముగియగానే మరుగున పడుతుంది. అంతేకాదు, రక్షణస్థానంలో ఆడేవానికి ఒక అపఖ్యాతి కూడా అంటిపెట్టుకొని ఉంటుంది. ఎదిరి కాలికి అడ్డుపడడం, భుజంతో త్రోయడం, చొక్కా పట్టి లాగడం అతనికి వెన్నతో పెట్టిన విద్యలని లోకుల నమ్మకం. ఇటలీ దేశపు రక్షకుల విషయంలో ఈ నమ్మకం మరీ గాఢమైనది. ఆ దేశంలోనే, ఆ స్థానంలోనే 16 సంవత్సరాలు వృత్తిక్రీడాకారుడుగా జీవించి, ఒక్కసారైనా రిఫరీచేత మైదానంనుండి వెలికి పంపబడని ఆటగాడు గయెతానో షిరేయా.

షిరేయా 1953 మే 25న ఉత్తర ఇటలీలో, మిలాన్ నగరానికి చేరువనున్న చెర్నుస్కో సుల్ నవీల్యో అనే ఊరిలో జన్మించాడు. తండ్రి స్వస్థలం దక్షిణాన ఉన్న సిసిలీ ద్వీపం. ఆ రోజులలో దక్షిణ ఇటలీలో సేద్యం కడుపు నింపక, లక్షలాది కుటుంబాలు మిలాన్, టురిన్ నగరాల కర్మాగారాలను వెదుక్కుంటూ వలస పోయాయి. షిరేయా తండ్రి అట్లే వచ్చి పిరెల్లి రబ్బరు కర్మాగారంలో కార్మికుడుగా కుదురుకొన్నాడు. బాలుడు పెరిగిన చినిసెల్లో బల్సమో పట్టణంకూడా శ్రమజీవుల పట్టణమే. పొద్దున కర్మాగారపు కూతతో లేచి, సాయంకాలం అలసి ఇల్లు చేరే మనుషుల నడుమ అతని బాల్యం గడిచింది. చేసే పని నిశ్శబ్దంగా, నిర్దుష్టంగా చేయడం అనే గుణం అతనికి ఆ వాతావరణంలోనే అబ్బి ఉండవచ్చు.

ఆటలో చురుకుదనం చూపిన ఆ కుర్రవానిని బెర్గమో నగరపు అటలాంటా క్లబ్బు చేరదీసింది. విద్యార్థి దశలో అతడు ఫార్వర్డుగా ఆడినవాడు. తరువాతనే వెనుక వరుసకు వచ్చాడు. 1972 సెప్టెంబరు 24న, 19 ఏండ్ల ప్రాయంలో, కాల్యరి జట్టుపై దేశపు ప్రథమశ్రేణి పోటీలో తొలిసారిగా ఆడాడు. 1974లో టురిన్ నగరానికి చెందిన సుప్రసిద్ధమైన యువెంటస్ క్లబ్బు అతనిని తీసుకొన్నది. నాటినుండి కడవరకు అతడు మరొక క్లబ్బు ముఖం చూడలేదు.

షిరేయా ప్రతిభ బోధపడవలెనంటే అతడు నిలిచిన స్థానాన్ని గురించి కొంత తెలుసుకోవాలి. ఇటాలియన్ భాషలో దానిని లిబెరో అంటారు. స్వేచ్ఛ గలవాడని ఆ మాటకు అర్థం. మిగిలిన రక్షకులు ప్రత్యర్థులను ఒక్కొక్కరిని ఒక్కొక్కరు వెన్నంటి కాస్తూ ఉంటారు. లిబెరోకు మాత్రం కాపు కాయవలసిన మనిషి అంటూ ఎవరూ లేరు. వరుస వెనుక నిలిచి, ఎవరు తప్పినా, ఎక్కడ కంత పడినా, వెళ్ళి పూడ్చడం అతని విధి. 1960 ప్రాంతాలలో మిలాన్‌లోని ఇంటర్ జట్టుకు ఈ స్థానంలో ఆడిన అర్మాండో పిక్కి మధ్యరేఖ దాటడం అరుదు. కోటకు కడపటి కావలివానివలె అతడు గోలు ముందరనే ఉండేవాడు.

షిరేయా ఈ పద్ధతిని మార్చాడు. కావలి విడువకుండానే దానికి కొత్త దారి తెరిచాడు. బంతి చేజిక్కగానే దానిని ఎటో ఒకవైపుకు తన్ని గండం గడుపుకోవడం పూర్వుల అలవాటు. షిరేయా ఆ బంతిని పాదాన నిలుపుకొని, తల పైకెత్తి, నిదానంగా ముందుకు సాగేవాడు. బాల్యంలో ఫార్వర్డుగా నేర్చిన విద్య మరుపున పడలేదు. ప్రత్యర్థి దాడి ముగిసిన చోటనే తన జట్టు దాడి మొదలయ్యేది. జర్మనీ దేశపు ఫ్రాంజ్ బెకెన్‌బవర్ అంతకుముందే ఈ మార్గంలో పేరు గడించి ఉన్నాడు. ఇటలీలో దానిని పరిపూర్ణతకు తెచ్చినవాడు షిరేయా.

అతడు తప్పు చేయకపోవడానికి మూలంకూడా ఇక్కడే ఉన్నది. ఫుట్‌బాల్‌లో ఫౌలు అనేది చాలవరకు ఆలస్యంగా వచ్చినవాడు చేసే పని. బంతి దాటిపోయిన తరువాత చేరినవానికి మనిషి కాలు తప్ప మరేమీ అందదు. షిరేయా ఆట నడకను ముందుగా చదివేవాడు. ఎదుటివాడు బంతిని ఎవరికి అందించదలచినాడో పసికట్టి, ఆ చోటికి అతనికంటె ముందే చేరుకొనేవాడు. త్రోయవలసిన అవసరంగాని, లాగవలసిన అవసరంగాని అతనికి కలిగేది కాదు. అతని సౌజన్యానికి సగం స్వభావం కారణమైతే, సగం బుద్ధిసూక్ష్మత కారణం.

యువెంటస్ పక్షాన 14 ఋతువులలో అతడు 552 ఆటలు ఆడి, రక్షకుడై ఉండికూడా 32 గోలులు చేశాడు. ఆ కాలంలో జట్టు ఏడుసార్లు దేశ ఛాంపియన్‌షిప్పును, రెండుసార్లు ఇటలీ కప్పును గెలిచింది. ఈ విజయాలలో అధికభాగం జొవానీ ట్రపటోని శిక్షణలో లభించినవి. 1977లో స్పెయిన్ దేశపు బిల్బావో జట్టును ఓడించి యువెంటస్ తన తొలి యూఎఫా కప్పును గెలిచినప్పుడు, ఆ జట్టులో విదేశీయుడు ఒక్కడైనా లేడు.

జాతీయజట్టులో షిరేయా 1975 డిసెంబరు 30న గ్రీసుపై ఆడి ప్రవేశించాడు. మొత్తం 78 ఆటలలో దేశానికి ప్రాతినిధ్యం వహించాడు. వాటిలో శిఖరప్రాయమైనది 1982 ప్రపంచకప్పు. స్పెయిన్‌లో జరిగిన ఆ పోటీలలో ఇటలీ తొలి మూడు ఆటలను గెలవలేక, డ్రాలతో సరిపెట్టుకొన్నది. స్వదేశపు పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఆటగాళ్ళు పత్రికలవారితో మాటలే మానివేశారు. శిక్షకుడు ఎంజో బెయార్జొట్ మాత్రం తన మనుషులను విడువలేదు. ఆ తరువాత ఇటలీ అర్జెంటీనాను, బ్రెజిల్‌ను, పోలండును వరుసగా ఓడించింది. ఆ రక్షణశ్రేణిలో క్లాడియో జెంటిలె ప్రత్యర్థి వీరులను ఊపిరి సలపనీయకుండా కఠినంగా వెన్నాడగా, అతని వెనుక షిరేయా చెమటైనా పట్టనివానివలె నిశ్చలంగా నిలిచి ఉండేవాడు.

జూలై 11న మాడ్రిడ్‌లో పశ్చిమ జర్మనీతో తుదిపోటీ జరిగింది. ఇటలీ ఒక గోలు ఆధిక్యంలో ఉన్నది. అట్టి వేళ వెనుకకు తగ్గి గోలును కాచుకోవడమే ఇటలీవారి పరిపాటి. కాని 69వ నిమిషంలో ప్రేక్షకులకు ఒక వింత దృశ్యం కనిపించింది. ఇటలీ చిట్టచివరి కావలివాడైన షిరేయా జర్మనీ గోలు ఎదుట పెనాల్టీ ప్రాంతంలో ఉన్నాడు. అతడు బంతిని 18 ఏండ్ల బెర్గోమికి అందించాడు; బెర్గోమి తిరిగి అతనికే ఇచ్చాడు. ఆ బెర్గోమికూడా రక్షకుడే. అటుపిమ్మట షిరేయా దానిని మార్కో తార్దెల్లివైపు పంపగా, తార్దెల్లి గోలు చేశాడు. ఇటలీ 3-1తో ప్రపంచ విజేత అయినది. ఆనందంతో పరుగిడుతూ కేకలు వేసిన తార్దెల్లి ముఖం లోకప్రసిద్ధమైనది. ఆ బంతిని అతనికి అందించినవాడు ఎవరో చాలమందికి గుర్తు లేదు. షిరేయా దానికి నొచ్చుకొనే స్వభావం కలవాడుకాడు.

జట్టు గోల్‌కీపరు, నాయకుడు దీనో జోఫ్ అతనికి ప్రాణమిత్రుడు. ఇద్దరూ మితభాషులే. విడిదిలో ఇద్దరిదీ ఒకే గది. అక్కడ నెలకొన్న ప్రశాంతతను చూసి తార్దెల్లి ఆ గదికి స్విట్జర్లాండు అని వేడుకగా పేరుపెట్టాడు. షిరేయా వినయానికి మరొక నిదర్శనం ఉన్నది. ప్రపంచకప్పు గెలిచి, ధనం, కీర్తి సంపాదించిన తరువాత, క్రీడాజీవితపు చివరి దశలో అతడు మళ్ళీ పుస్తకాలు పట్టి, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు కావలసిన పరీక్షలో ఉత్తీర్ణుడైనాడు. బాల్యంలో ఆటకోసం నిలిచిపోయిన చదువును పూర్తిచేయడం తన విధిగా భావించాడు.

ఇట్టి మితభాషి తప్పనిసరిగా మాటలాడవలసిన ఘడియ ఒకటి వచ్చింది. 1985 మే 29న బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లోని హైసెల్ మైదానంలో యువెంటస్‌కు, ఇంగ్లండుకు చెందిన లివర్‌పూల్‌కు యూరప్ కప్పు తుదిపోటీ ఏర్పాటైనది. ఆట ఆరంభానికి ముందే ఇంగ్లీషు అభిమానులలో ఒక గుంపు ప్రక్కనున్న ప్రేక్షకులపైకి దూసుకువచ్చింది. భయంతో పరుగిడిన జనం ఒకరిపై ఒకరు పడ్డారు, గోడ కూలింది. 39 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో అధికసంఖ్యాకులు ఇటలీవారు. ఆట రద్దుచేస్తే ప్రతీకారం చెలరేగునేమో అనే భయంతో అధికారులు దానిని జరిపించడానికే నిశ్చయించారు.

అప్పుడు ఇరుజట్ల నాయకులు ధ్వనివర్ధకం ముందు నిలిచి జనాన్ని శాంతపరచవలసి వచ్చింది. యువెంటస్ నాయకుడు షిరేయా. పోలీసులు పరిస్థితిని చక్కబరచుకోవడానికి వీలుగా ఆట జరుగుతుందనీ, ఎవరు రెచ్చగొట్టినా లొంగక నెమ్మదిగా ఉండవలసిందనీ అతడు ఇటలీ అభిమానులను కోరాడు. తమవారు మరణించిన చోట ఆట ఆడడం ధర్మమా అనే ప్రశ్న నేటికీ సమసిపోలేదు. ఆ నిర్ణయం అతనిది కాదు. మరొక ప్రాణం పోకుండా చూడడం మాత్రం ఆ క్షణాన అతనిపై పడిన భారం. ఆ రాత్రి మిషెల్ ప్లాటినీ పెనాల్టీ గోలుతో యువెంటస్ గెలిచింది. క్లబ్బు చిరకాలంగా కోరుకొన్న ఆ కప్పు శోకంతో కలిసి చేతికి వచ్చింది.

1986లో మెక్సికో ప్రపంచకప్పులో జాతీయజట్టుకు నాయకత్వం వహించి, ఫ్రాన్స్ చేతిలో ఓటమితో షిరేయా అంతర్జాతీయ క్రీడనుండి విరమించాడు. 1988లో క్లబ్బు ఆటకుకూడా స్వస్తి చెప్పాడు. అప్పటికి యువెంటస్ శిక్షకుడైన మిత్రుడు జోఫ్ అతనిని సహాయకునిగా ప్రక్కన చేర్చుకొన్నాడు.

మరుసటి సంవత్సరం యువెంటస్‌కు పోలండు దేశపు గూర్నిక్ జాబ్‌జె జట్టుతో పోటీ పడింది. ఆ జట్టు ఆటతీరు పరిశీలించి రావడానికి షిరేయా పోలండు వెళ్ళాడు. 1989 సెప్టెంబరు 3న తిరుగు ప్రయాణంలో, వార్సా మార్గంలోని బాబ్స్క్ సమీపాన, అతడు ఎక్కిన కారు మరొక వాహనాన్ని ఢీకొన్నది. ఆ దేశంలో అప్పుడు పెట్రోలు కొరత. అందుచేత కారులో అదనంగా పెట్రోలు డబ్బాలు ఉంచుకొన్నారు. మంటలు క్షణంలో వ్యాపించాయి. షిరేయా అక్కడికక్కడే మరణించాడు. అతనికి 36 సంవత్సరాలు మాత్రమే. ఆ రాత్రి టెలివిజన్ క్రీడాకార్యక్రమంలో అతిథిగా కూర్చున్న తార్దెల్లి అక్కడే ఆ వార్త విన్నాడు.

భార్య స్వగ్రామమైన మొర్సాస్కొలో అతనిని ఖననం చేశారు. ఆ సంవత్సరపు పోటీలలో యువెంటస్ గూర్నిక్ జట్టును ఓడించింది. చివరకు ఆ కప్పునుకూడా గెలిచింది. టురిన్‌లో యువెంటస్ మైదానానికి చేరే రహదారికి, అభిమానులు గుమికూడే దక్షిణపు గ్యాలరీకి షిరేయా పేరు పెట్టారు. ఆదర్శప్రాయమైన ప్రవర్తన కలిగిన క్రీడాకారులకు అతని పేరిట ఒక బహుమానం ఏర్పడినది. దానిని నెలకొల్పినది, రబ్బరు కర్మాగారపు కార్మికుని కుమారుడు బంతి ఆడుతూ పెరిగిన చినిసెల్లో బల్సమోలోనే.