స్వేచ్ఛకు పునాదులు బోధించిన ఆచార్యుడు జాన్ డ్యూయీ

గ్రంథాలయములతో పరిచయము గలవారికి డ్యూయీ అను పేరు క్రొత్తది కాదు. పుస్తకములను దశాంశ పద్ధతిని వర్గీకరించు విధానమును 1876లో ప్రకటించిన మెల్విల్ డ్యూయీని పాఠకులు ఎరుగుదురు. ఇచ్చట చెప్పబోవునది ఆయనను గూర్చి కాదు. అదే కాలమున, అదే అమెరికా దేశమున జీవించిన మరియొక డ్యూయీ కలడు. మనుష్యులు స్వేచ్ఛగా కలసి బ్రతుకుటకు ఏమేమి కావలయునో జీవితమంతయు విచారించి, విద్యార్థులకు బోధించిన ఆ తత్త్వవేత్త పేరు జాన్ డ్యూయీ.

ఆయన 1859 అక్టోబరు 20వ తేదీన వెర్మాంటు రాష్ట్రమందలి బర్లింగ్టన్ పట్టణమున జన్మించెను. తండ్రి పచారీ వర్తకుడు. 1879లో పట్టభద్రుడై, కొంతకాలము ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేసి, 1884లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును పొందెను. 1894లో చికాగో విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1896లో అచ్చట ఒక ప్రయోగ పాఠశాలను నెలకొల్పెను. అందు పిల్లలు వంట, నేత, వడ్రంగము మొదలగు పనులు కలసి చేయుచు, ఆ పనులనుండియే లెక్కలను, చరిత్రను, ప్రకృతి శాస్త్రమును నేర్చుకొనిరి. ఆ పాఠశాల నిర్వహణ విషయమున అధికారులతో అభిప్రాయభేదము కలుగగా 1904లో ఆయన ఆ కొలువు విడిచెను. పిమ్మట న్యూయార్కు నగరమందలి కొలంబియా విశ్వవిద్యాలయమున చేరి, 1930లో విరమించువరకు తత్త్వశాస్త్రమును బోధించెను.

అచ్చట ఆయన యెదుట కూర్చుండినవారిలో పట్టభద్రులై పై చదువులకై దేశదేశములనుండి వచ్చిన యువకులు పలువురుండిరి. ఆయన వక్త కాడు. బల్లవద్ద కూర్చుండి, చేతిలోని కాగితములను నలుపుచు, కిటికీవైపు చూచుచు, మెల్లమెల్లగా మాటలాడెడివాడు. కొందరు కునికిపాట్లు పడుటయు కలదు. కాని యింటికిపోయి తాము వ్రాసికొన్నది చదువుకొన్న వారికి, గురువు తమ యెదుటనే ఒక చిక్కుముడిని విప్పుచుండెనని తెలియవచ్చెడిది. సిద్ధాంతమును అప్పగించుటకంటె ఆలోచించుటను చూపుట ఆయన బోధనా పద్ధతి.

ఆయన బోధసారమిది. పైవారి అడ్డులేకుండుట మాత్రమే స్వేచ్ఛ కాదు. తన శక్తిని పెంచుకొనుటకును, తెలివితో తన మార్గమును ఎన్నుకొనుటకును వీలుండవలెను. ప్రజాస్వామ్యమనగా ఎన్నికలు, చట్టసభలు మాత్రమే కావు. అది కలసి జీవించు విధానము. ఒక సంఘములోని వర్గములు ఒకరి అనుభవమును మరియొకరు ఎరుగకుండ గోడలు కట్టుకొన్నచో, ఓటు హక్కున్నను అది స్వేచ్ఛాసమాజము కాజాలదు. 1916లో వెలువడిన ప్రజాస్వామ్యము, విద్య అను గ్రంథమున ఆయన ఈ భావమును విపులపరచెను. అంతకు ముందు 1915లో, అధ్యాపకుల భావస్వాతంత్ర్యమును కాపాడుటకై ఏర్పడిన అమెరికా ఆచార్యుల సంఘమునకు ప్రథమాధ్యక్షుడయ్యెను.

ఈ బోధకు పరీక్షాసమయము త్వరలోనే వచ్చెను. 1917లో అమెరికా ప్రపంచ యుద్ధమున ప్రవేశించినప్పుడు, దానివలన ప్రజాస్వామ్యము వ్యాపించునని ఆశించి డ్యూయీ సమర్థించెను. కొలంబియాలో చదివి, ఒకప్పుడు ఆయనను మిక్కిలి కొనియాడిన రాండాల్ఫ్ బోర్న్ అను యువకుడు పత్రికలలో గురువును బహిరంగముగా ఖండించెను. యుద్ధము స్వేచ్ఛను పెంచదు, హరించునని అతని వాదము. 1918 డిసెంబరులో, ముప్పది రెండేండ్ల వయస్సున అతడు మరణించెను. యుద్ధానంతరము డ్యూయీ ఆశలు ఫలింపలేదు. యుద్ధమునే చట్టవిరుద్ధము చేయవలెనను ఉద్యమమునకు ఆయన తరువాత తోడ్పడెను. గురువు పొరపడినచోట గురువు నేర్పిన విచారణయే శిష్యునకు ఆధారమయ్యెను.

మరియొక శిష్యుడు మన దేశమువాడు. బరోడా సంస్థానము ఇచ్చిన వేతనముతో 1913లో కొలంబియా చేరి, 1916 వరకు చదివిన భీమరావు అంబేద్కరు డ్యూయీ తరగతులకు హాజరయ్యెను. అంటరానితనమును స్వయముగా అనుభవించిన ఆ యువకునకు, గోడలుగల సంఘమునుగూర్చిన పాఠము పుస్తకములలోని మాటగా మాత్రమే తోచియుండదు. కులనిర్మూలనపై 1936లో ప్రకటించిన గ్రంథమున ఆయన ఈ గురువునకు తాను పడిన ఋణమును చెప్పుకొనెను. 1949 నవంబరు 25వ తేదీన రాజ్యాంగ సభలో మాటలాడుచు, సాంఘిక ప్రజాస్వామ్యము లేనిదే రాజకీయ ప్రజాస్వామ్యము నిలువజాలదని హెచ్చరించెను.

1952 జూన్ 5వ తేదీన కొలంబియా విశ్వవిద్యాలయము అంబేద్కరును గౌరవ డాక్టరు పట్టముతో సత్కరించెను. గురువు ఆ సత్కారమును చూడలేదు. అంతకు నాలుగు దినములకు ముందు, జూన్ 1వ తేదీన, తొంబది రెండేండ్ల వయస్సున డ్యూయీ న్యూయార్కులో కన్నుమూసెను.

గ్రామ గ్రంథాలయమున ఒకే బల్లపై ఒకే పత్రికను అన్ని వాడలవారును చదివి, నిర్భయముగా చర్చించు ప్రతి సాయంకాలమును ఆ యాచార్యుని పాఠమునకు ఆచరణయే. ఇరువదియైదు వత్సరములు నిండిన మన గ్రంథాలయమున ఆ బల్ల ఎన్నడును ఖాళీగా ఉండకుండుగాక!