రెండుసార్లు మెట్రిక్ తప్పిన అబ్బాయి హార్వర్డ్‌కి అప్లై చేశాడు



ప్రీబోర్డు మార్కుల్ని బట్టి టీచర్లు వేసిన అంచనా ఒకటి. మీ అబ్బాయో అమ్మాయో కోరుకుంటున్న యూనివర్సిటీ అడిగే స్కోరు అంతకంటే ఎక్కువ. అప్లై చేయనివ్వాలా, వద్దా? మీ ఇంట్లో ఇప్పుడు ఈ చర్చే నడుస్తుంటే, ఏదో ఒకటి తేల్చేసే ముందు మన భీమవరంలో పుట్టిన ఒకాయన జీవితం చదవండి.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. తండ్రి పోయారు, ఇంట్లో డబ్బుకి ఇబ్బంది. అయినా తల్లి వెంకమ్మ గారు చదువు మాననివ్వలేదు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి రాసి పాసయ్యారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ, ఆపైన మద్రాసు మెడికల్ కాలేజీ. అక్కడ గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టడం సర్జరీ ప్రొఫెసర్‌కి నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్‌కి బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ చేతికొచ్చింది.

ఆ సర్టిఫికెట్‌తోనే ఆయన హార్వర్డ్‌లోని ఉష్ణమండల వ్యాధుల స్కూల్‌కి అప్లై చేశారు. ఎందుకు ఆ కోర్సే? అన్నగారిని స్ప్రూ అనే ఉష్ణమండల వ్యాధి బలితీసుకుంది. తను ఏం చదవాలో, ఎందుకు చదవాలో ఆయనకి స్పష్టంగా తెలుసు. అలాగని చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పారు. కాకినాడ సత్యలింగ నాయకర్ చారిటీస్ సాయం, మామగారు సమకూర్చిన డబ్బు తోడయ్యాకే ఓడ ఎక్కారు.

సీటు వచ్చినంత మాత్రాన కష్టాలు తీరలేదు. బోస్టన్‌లో డాక్టరుగా పనిచేయడానికి ఎల్ఎంఎస్ సరిపోలేదు. రాత్రిపూట ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేస్తూ చదివారు. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, శరీరంలోని ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. అది నేటికీ వాళ్లిద్దరి పేరుతోనే ఉంది. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. అయినా హార్వర్డ్ పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. అక్కడ ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అన్నగారిని తీసుకెళ్లిన స్ప్రూకి అది మందు. మన జిల్లాల్లో బోదకాలు రాకుండా పంచే డీఈసీ మాత్ర, క్యాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆ బృందం పనే. 1948లో, 53 ఏళ్ల వయసులో అమెరికాలోనే చనిపోయారు. ఇండియాలో వదిలి వెళ్లిన భార్య శేషగిరి గారిని మళ్లీ చూడనేలేదు. పెద్ద ఆశకి ఆ ఇల్లు చెల్లించిన మూల్యం అది.

పరీక్ష తప్పిన ప్రతి ఒక్కరూ సుబ్బారావు అవుతారని నేను చెప్పడం లేదు. అప్లికేషన్ చూసి కాదనే హక్కు యూనివర్సిటీది. ఫారం నింపకుండానే ఆ కాదనే పని మనం ఇంట్లో కూర్చుని చేసేయకూడదు, అంతే.

కాబట్టి మూడు విషయాలు చూడండి. ఆ కోర్సే ఎందుకు కావాలో పిల్లలు తమ మాటల్లో చెప్పగలుగుతున్నారా? అది రాకపోతే, మనస్ఫూర్తిగా చేరగలిగే ఇంకో కోర్సు లిస్టులో ఉందా? ఫీజు, హాస్టల్ ఖర్చు ముందే లెక్క వేశారా? బ్రిటన్ యూనివర్సిటీలకి వాడే యూకాస్ ఫారంలో 5 ఎంపికలు పెట్టుకోవచ్చు. ఆఫర్లు వచ్చాక ఒకటి మొదటి ఎంపికగా, తక్కువ స్కోరు అడిగేది ఇంకొకటి ఇన్సూరెన్స్‌గా ఉంచుకోవచ్చు. అందులో ఒకటో రెండో అంచనాకి మించినవి ఉంటే తప్పు లేదు. అయిదూ అలాంటివే అయితే మాత్రం ప్రమాదం.

ఈ మూడింటికీ జవాబు దొరికితే, మార్కుల షీట్ పక్కన పెట్టి సంతకం చేయండి. దొరక్కపోతే వద్దని చెప్పే ముందు ఒకసారి స్కూలుకి రండి, పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడుకుందాం.