అన్నమయ్య ముద్ర, మెయిల్ సంతకం

కడప నుంచి తిరుపతికి వచ్చే దారిలో రాజంపేట దగ్గర 108 అడుగుల అన్నమయ్య విగ్రహం చాలామంది చూసే ఉంటారు. ఆయన పుట్టిన తాళ్లపాక అక్కడికి దగ్గరే. పుట్టింది 1408లో అని ఎక్కువమంది లెక్క. చిన్న వయసులోనే ఇల్లు వదిలి, యాత్రికుల గుంపుతో తిరుమల కొండెక్కాడు. 16వ ఏట స్వామి ప్రత్యక్షమయ్యాడనీ, అప్పటినుంచి సంకీర్తనలు చెబుతూ వచ్చాడనీ తాళ్లపాక వారి రాగిరేకులో ఉంది. భార్య తిమ్మక్క కూడా కవయిత్రే, సుభద్రా కల్యాణం రాసింది.

ఆయన పాట చివర్లో ఎక్కడో ఒకచోట వేంకటేశుడి పేరు వస్తుంది. దాన్నే ముద్ర అంటారు. ఆ ముద్ర కోసం ఆయన ఎంత దూరం వెళ్లాడో మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన చరిత్రలో ఉంది. సాళువ నరసింహరాయలు ఆయన్ని ఆదరించి దగ్గర పెట్టుకున్నాడు. ఒకరోజు స్వామి మీద పాడినట్టే తన మీదా ఒక పాట కట్టమన్నాడు. అన్నమయ్య కుదరదన్నాడు. రాజు సంకెళ్లు వేయించాడు, స్వామిని తలచి పాడితే అవి ఊడిపోయాయని కథ. ఊడిన సంగతి మీరు నమ్మినా నమ్మకపోయినా, ఒకరికి రాసిచ్చిన ముద్రని ఇంకొకరికి అద్దెకివ్వలేదన్నది మాత్రం నాకు నచ్చింది.

1503లో, దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు అన్నమయ్య కన్నుమూశాడు. ఆయన చెప్పినవి 32,000 అంటారు. దొరికినవి 12,000కు పైనే. అవైనా మిగలడానికి కారణం కొడుకు పెదతిరుమలాచార్యుడు. పాటల్ని, వాటి రాగాల పేర్లతో సహా, రాగిరేకుల మీద చెక్కించాడు. వాటిని తిరుమల గుడిలోని సంకీర్తన భాండారంలో భద్రపరిచారు. 20వ శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి వాళ్లు వాటిని చదివి, పరిష్కరించి, అచ్చుకెక్కించారు.

ఇక్కడే ఒక చిక్కుంది. కొడుకూ, మనవడు చినతిరుమలాచార్యుడూ కూడా అదే వేంకటేశ ముద్రతో రాశారు. అంటే ముద్ర ఇంటిని చెబుతుంది గానీ చేతిని చెప్పదు. ఏ పాట ఎవరిదో తేల్చాలంటే రేకు చూడాల్సిందే. పైగా ముద్ర ఒట్టి మాట, ఎవరైనా కాపీ కొట్టొచ్చు. కొండమీది రేకుని అలా మార్చలేరు.

మన క్లబ్ మెయిల్ సర్వర్‌కి సెండర్ అథెంటికేషన్ పెడుతున్నప్పుడు ఈ తేడా నాకు బాగా అర్థమైంది. 1982 నాటి ఎస్‌ఎంటీపీలో ఫ్రమ్ దగ్గర ఏ పేరు రాసినా అడిగేవాడు లేడు. అందుకే మూడు ఏర్పాట్లు వచ్చాయి. మా పేరుతో ఏ ఐపీల నుంచి మెయిల్ పంపొచ్చో డీఎన్‌ఎస్‌లో రాసిపెట్టే జాబితా ఎస్‌పీఎఫ్‌. డీకిమ్‌లో సర్వర్ తన ప్రైవేట్ కీతో సంతకం చేస్తుంది, సరిచూసే పబ్లిక్ కీ మన డీఎన్‌ఎస్‌లోనే అందరికీ కనిపిస్తుంది. అదే మన రాగిరేకు. ఈ రెండిట్లో ఒక్కటైనా పాసై, ఫ్రమ్ డొమైన్‌తో సరిపోవాలి. లేదంటే ఆ మెయిల్‌ని ఏం చేయాలో చెప్పేది డీమార్క్.

పోస్ట్‌ఫిక్స్‌కి ఓపెన్‌డీకిమ్ జోడించి పరీక్షలు పెట్టాను. మామూలు మెయిల్‌కి మూడూ పాస్. సంతకం పడ్డాక బాడీలో ఒక్క అక్షరం మారిస్తే డీకిమ్ ఫెయిల్. జాబితాలో లేని సర్వర్ నుంచి, సంతకం లేకుండా మా పేరుతో పంపితే డీమార్క్ కూడా ఫెయిల్. మొదట పాలసీ నన్ పెట్టి, రిపోర్టులు చూశాకే క్వారంటైన్‌కి మార్చాను.

ప్లేస్‌మెంట్ సీజన్ వస్తోంది కాబట్టి ఒక మాట. ఆఫర్ లెటర్ అంటూ మెయిల్ వస్తే హెడర్ తెరిచి చూడండి. మూడూ పాస్ అని ఉన్నా డబ్బు కట్టేయకండి. కంపెనీ పేరులో ఒక్క అక్షరం మార్చి కొత్త డొమైన్ కొన్నవాడి సంతకం కూడా పాసవుతుంది, ఎందుకంటే ఆ ఇల్లు వాడిదే. పాస్ అనేది ఇల్లు ఏదో చెబుతుంది, అంతే. అది మనం అనుకున్న ఇల్లేనా అని డొమైన్ పేరు అక్షరం అక్షరం చదివి మనమే తేల్చుకోవాలి, పండితులు రేకులు చదివినట్టు.