పింఛను తరువాతి కొలువు: మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని గురించి రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, ఖైరతాబాద్ కూడలిలో విగ్రహంగా మనకు రోజూ కనిపించే విశ్వేశ్వరయ్య గారే గుర్తుకు వచ్చారు. దానికో కారణం ఉంది.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు రేసు కార్లు పరుగెత్తాయి. రోడ్లు మూసినందున ఇంట్లోనే టీవీ ముందు కూర్చున్నాం. ఆ కార్ల వెనుక చక్రాలకు మామూలు బ్రేకులు ఉండవనీ, మోటార్లే వేగం తగ్గిస్తూ ఆ శక్తిని తిరిగి బ్యాటరీకి పంపుతాయనీ, ముందు వెనుక కలిపి 600 కిలోవాట్ల దాకా అలా రాబట్టవచ్చుననీ ఇంజనీరింగు చదువుతున్న మా మనవడు చెప్పాడు. బ్రేకుల్లేని బండిని తయారుచేసినవాడికి బుద్ధి లేదని నేను వాదించాను. కరెంటు మొరాయిస్తే గతేమిటని నిలదీశాను. అందుకోసమే అత్యవసర బ్రేకులు తరువాత చేర్చారని వాడు ఒప్పుకున్నాడు. నా అనుమానం మరీ కొట్టిపారేయదగ్గది కాదన్నమాట! అయితే, ఇదివరకు ఎవరూ చేయలేదన్నది తప్ప నా దగ్గర వేరే లెక్క ఏమైనా ఉందా అని వాడు అడిగేసరికి నోరు పెగల్లేదు.

విశ్వేశ్వరయ్య గారు 1861లో మైసూరు సంస్థానంలోని ముద్దేనహళ్ళిలో జన్మించారు. బేస్తవారిపేట దగ్గరి మోక్షగుండం వారి పూర్వీకుల ఊరు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని, కష్టపడి చదివి, పూనాలో ఇంజనీరింగు పూర్తిచేసి 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు.

1903లో పూనా దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన కొత్తరకం తలుపులు అమర్చారు. నీరు నిండు మట్టానికి రాగానే అవి తమంతట తామే తెరుచుకుంటాయి, తగ్గగానే మూసుకుంటాయి. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే 8 అడుగుల నీరు అదనంగా నిలిచింది. నిండు వరదలో మనిషి చేయి వేయకుండా తలుపులను వాటి మానాన వదలడమంటే ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. లెక్క మీద నమ్మకం ఉన్నవారే ఆ పని చేయగలరు.

1908లో, 47 ఏళ్ళ వయసులో, ఆయన స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశారు. అదే సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. నిజాం ప్రభుత్వం పిలుపుపై 1909లో హైదరాబాదు వచ్చి పరిశీలించారు. ఊళ్ళో గట్లు పెంచినంత మాత్రాన చాలదు, వరదను ఎగువనే ఆపి మెల్లగా వదలాలని తేల్చారు. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. మనం తాగిన గండిపేట నీళ్ళ వెనుక ఒక పింఛనుదారు ఉన్నారు!

1909లోనే మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్ళి, 1912 నుంచి 1918 వరకు దివానుగా ఉన్నారు. కృష్ణరాజసాగరం ఆయన చేపట్టినదే. 70 దాటాక, మన దేశంలోనే మోటారు కార్లు తయారు కావాలన్న పట్టుదలతో 1935లో ఐరోపా, అమెరికా ఫ్యాక్టరీలు చూసివచ్చి పథకం రాశారు. బెంగుళూరులో పెట్టాలనుకున్న ఆ కర్మాగారం మాత్రం ఆయన అనుకున్నట్లు రాలేదు. 1955లో భారతరత్న అందుకొని, నూరేళ్ళు నిండిన తరువాత 1962లో కన్నుమూశారు.

ఇక నా సంగతి. నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఒక యువ ఇంజనీరు కొత్త నమూనా ఒకటి పంపారు. నేను ఫైలు మీద పూర్వోదాహరణ లేదని నోటు రాశాను. పైవారు సంతకం చేశారు. ఫైలు మూతపడింది. ఆ నమూనా మంచిదో కాదో నాకు ఈనాటికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ లెక్క చూడలేదు. ఆ యువకుడు మళ్ళీ మరో ప్రతిపాదన పంపినట్లు నాకు గుర్తు లేదు. మనవడి ప్రశ్న నాకు గుచ్చుకున్నది అక్కడే.

మర్నాడు వాణ్ణి కూర్చోబెట్టి, ఆ బ్రేకుల లెక్క కాగితం మీద వేసి చూపించమన్నాను. సగం అర్థమైంది. మిగతా సగం ఇంకా అడుగుతూనే ఉన్నాను. మిత్రులారా, మన ఇళ్ళల్లో పిల్లలు కొత్త మాట తెస్తే, నోటు రాసేముందు లెక్క అడుగుదాం. విశ్వేశ్వరయ్య గారికి మనం చేయగల నమస్కారం అదే.